అల్లుడి ముందు అడగలేని ప్రశ్న: ప్రోస్టేట్ శస్త్రచికిత్స తర్వాత దాంపత్య జీవితం

(చెన్నై టీనగర్‌లో ఒక ఆదివారం ఉదయం తెలుగువారి సమావేశంలో ఒక యూరాలజిస్ట్ చేసిన ప్రసంగం పాఠం)

సభలోని పెద్దలకు, ఇంటి పనులు పక్కన పెట్టి భర్తలతో పాటు వచ్చి కూర్చున్న అమ్మలకు నమస్కారం. ఈ విషయం మీద తెలుగులో మాట్లాడాలని నిర్వాహకులు అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో చెప్పి మొదలుపెడతాను.

నేను ఈ ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా యూరాలజిస్ట్‌గా పనిచేస్తున్నాను. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి తెల్లవారుజామున రైలెక్కి సెంట్రల్‌లో దిగి, అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చే రోగులను రోజూ చూస్తుంటాను. వాళ్లలో చాలామందికి తమిళం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకో, అల్లుడో వెంట వచ్చి, డాక్టరు మాట పెద్దాయనకూ పెద్దాయన మాట డాక్టరుకూ చేరవేస్తుంటాడు. బయాప్సీ ఎప్పుడు, ఖర్చెంత, ఇన్సూరెన్సు వర్తిస్తుందా, ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉండాలి, ఇలాంటివన్నీ ఆ అబ్బాయి నోటి మీదుగా చక్కగా నడిచిపోతాయి. ఒక్క ప్రశ్న మాత్రం నడవదు. కన్నకొడుకు చేత, అందులోనూ అల్లుడి చేత, ఏ తండ్రీ ఆ ప్రశ్న అడిగించలేడు. నాకు తెలుగు వచ్చు కాబట్టి నా దగ్గర ఆ ఇబ్బంది ఉండదని చాలాకాలం అనుకున్నాను. అది నా పొరపాటని ఒక కాగితం ముక్క నాకు నేర్పింది.

ఆయనకు 61 ఏళ్లు, నెల్లూరు జిల్లా రైతు. ఆ దంపతుల అనుమతితోనే, ఊరూ పేరూ లేకుండా చెబుతున్నాను. ప్రోస్టేట్, అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి, దానికి క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది, గ్రంథి దాటి బయటికి పాకలేదని స్కాన్‌లో తెలిసింది, ఆపరేషన్‌కు తేదీ కూడా అనుకున్నాము. అల్లుడు డబ్బు కట్టడానికి కౌంటర్ దగ్గరికి వెళ్లగానే, ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష రిపోర్టు జిరాక్స్ వెనక వైపు, బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి రాసిన ఒకే వాక్యం: "ఆపరేషను అయినాక నేను సంసారానికి పనికొస్తానా లేదా, నిజం చెప్పండి." నిజం అన్న మాట కింద రెండు గీతలు ఉన్నాయి. స్కాన్ ఫిల్ములున్న బట్టల దుకాణం సంచిని ఒళ్లో పెట్టుకుని ఆయన భార్య పక్కనే కూర్చున్నారు. ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలుసని చూడగానే అర్థమైంది. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ కాగితానికి జవాబు.

ముందుగా ఒక గందరగోళం తొలగించాలి. మన వాళ్లు ప్రోస్టేట్ ఆపరేషన్ అన్న ఒకే మాటతో రెండు వేర్వేరు శస్త్రచికిత్సలను పిలుస్తారు. వయసుతో పాటు గ్రంథి ఉబ్బి మూత్రానికి అడ్డుపడినప్పుడు మూత్రనాళం దారిలోనే పరికరం పంపి చేసే టీయూఆర్‌పీ ఒకటి. అందులో బత్తాయి తొక్క అలాగే ఉంచి లోపలి తొనలు మాత్రం తీసినట్టు అడ్డుగా ఉన్న భాగాన్నే తొలగిస్తారు. దీని తర్వాత అంగస్తంభన సాధారణంగా మునుపటిలాగే ఉంటుంది. కాకపోతే వీర్యం ముందుకు రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్లి, తర్వాత మూత్రంతో పాటు పోతుంది. దాని వల్ల ఏ హానీ లేదు. రెండోది క్యాన్సర్ కోసం చేసేది. అందులో గ్రంథిని, దాని వెనకనున్న వీర్యకోశాలతో సహా, పూర్తిగా తీసివేసి, మూత్రాశయాన్ని కిందికి లాగి మూత్రనాళానికి కుడతాము. నేను ఇక మీదట మాట్లాడేది ఈ రెండో దాని గురించి.

ఈ గ్రంథి మామూలుగా పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. దానికి వెనక పక్కగా, గడియారంలో 5, 7 అంకెలు ఉండే చోట, కుడివైపొకటి ఎడమవైపొకటి, స్తంభనను నడిపించే నరాల కట్టలు గ్రంథిని అంటిపెట్టుకుని పోతాయి. కట్ట అన్నాను గానీ, అది కరెంటు తీగలా స్పష్టంగా కనిపించేది కాదు. సన్నని రక్తనాళాలతో, కొవ్వుతో కలిసిపోయిన సాలెపోగుల్లాంటి అల్లిక అది. ఈ సంగతి తెలియని కాలంలో, అంటే 1904లో అమెరికాలో హ్యూ హాంప్టన్ యంగ్ ఈ శస్త్రచికిత్స మొదలుపెట్టినప్పటి నుంచి దాదాపు ఎనభై ఏళ్ల పాటు, ఆపరేషన్ చేయించుకున్న దాదాపు ప్రతి మగవాడూ స్తంభన కోల్పోయేవాడు. అది తప్పనిసరి మూల్యమని వైద్యులూ నమ్మారు.

ఆ నమ్మకం ఎలా పోయిందో కొంచెం వివరంగా చెబుతాను. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ దగ్గర 1977లో ఆపరేషన్ చేయించుకున్న ఒక రోగి, మూడు నెలల తర్వాత వచ్చినప్పుడు, తనకు స్తంభన పూర్తిగా తిరిగి వచ్చిందని చెప్పాడు. అందరికీ తప్పనిసరిగా పోయేదైతే ఈ ఒక్కడికి ఎలా మిగిలిందన్న ఆలోచన వాల్ష్‌ను వదల్లేదు. 1981లో ఆయన నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లినప్పుడు, అప్పటికే ఉద్యోగ విరమణ చేసి నరాల అధ్యయనం చేసుకుంటున్న పీటర్ డోంకర్ అనే ప్రొఫెసర్‌తో కలిసి, మృతశిశువు దేహంలో ఆ నరాల దారిని వెతికి పట్టుకున్నారు. పెద్దవాళ్ల దేహాల్లో కొవ్వు మధ్య కనిపించకుండా పోయే పోగులు శిశువు దేహంలో స్పష్టంగా కనిపించాయి. నరాలు గ్రంథి లోపలి నుంచి కాక వెలుపలి నుంచి పోతున్నాయని అప్పుడు తేలింది. 1982 ఏప్రిల్ 26న, ఆ నరాలను తెలిసి కాపాడుతూ వాల్ష్ తొలి ఆపరేషన్ చేశారు. ఇవాళ ప్రపంచమంతా చేస్తున్న పద్ధతికి అదే మూలం. ఒక రోగి సిగ్గుపడకుండా నోరు విప్పి చెప్పడమూ, ఒక డాక్టరు ఆ మాటను పట్టించుకోవడమూ జరగకపోతే ఇంకెన్నాళ్లు పట్టేదోనని నేను చాలాసార్లు అనుకున్నాను.

అయితే నరాలను కాపాడినంత మాత్రాన మర్నాటి నుంచే అంతా మామూలైపోదు. గ్రంథి నుంచి వేరు చేసేటప్పుడు అవి సాగుతాయి, వేడి తగులుతుంది, చుట్టూ వాపు వస్తుంది. తెగని నరం కూడా నెలల తరబడి మూర్ఛపోయినట్టు ఉండిపోతుంది. మామూలు రోజుల్లో ఈ నరాల కొసల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థం విడుదలై, అంగంలోని మెత్తని కండరాన్ని వదులు చేస్తుంది. వదులైన కండరంలోకి రక్తం నిండుతుంది, నిండిన రక్తం బయటికి పోయే సిరలను నొక్కి ఉంచుతుంది. స్తంభన అంటే అంతే. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, తెల్లవారుజామున, తన ప్రమేయం లేకుండానే ఇది జరుగుతుంటుంది, దాని వల్ల ఆ కండరానికి ప్రాణవాయువు ఉన్న రక్తం అందుతుంది. నరం మూర్ఛలో ఉన్నన్నాళ్లూ ఇది కూడా ఆగిపోతుంది. నీళ్లు పారని కాలువ పూడుకుపోయినట్టు, కండరం క్రమంగా బిరుసెక్కి పీచులా మారుతుంది. నరం మేలుకునేసరికి కండరం పాడైపోయి ఉంటే ఆ మేలుకోవడం వల్ల ప్రయోజనం ఉండదు. నేను చెప్పదలచుకున్న వైద్య విషయమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. నరాన్ని ఎవరూ తొందరపెట్టలేరు, కాని అది మేలుకునేదాకా కండరాన్ని కాపాడుకోవచ్చు.

ఎన్నాళ్లు పడుతుందంటే, కొందరికి ఆరు నెలలు, ఎక్కువమందికి ఏడాది నుంచి రెండేళ్లు, ఆ తర్వాత కూడా నెమ్మదిగా మెరుగుపడేవాళ్లు ఉంటారు. ఎంతమందికి తిరిగి వస్తుందన్న ప్రశ్నకు నిజం చెప్పమని ఆ రైతు రెండు గీతలు గీసి అడిగారు కాబట్టి, మెత్తబరచకుండా అంకెలతోనే చెబుతాను. బ్రిటన్‌లో 1,643 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులను ఏళ్ల తరబడి పరిశీలించి, 2016లో ఫలితాలు ప్రకటించిన ప్రొటెక్ట్ అధ్యయనం ఉంది. చికిత్సకు ముందు వారిలో నూటికి 67 మందికి సంభోగానికి సరిపడే స్తంభన ఉండేది. శస్త్రచికిత్స వర్గంలో ఆరు నెలలకు అది 12కు పడిపోయింది, ఆరేళ్లకు 17గా ఉంది. రేడియేషన్ వర్గంలో ఆరు నెలలకు 22, ఆరేళ్లకు 27. చికిత్స వెంటనే మొదలుపెట్టకుండా జాగ్రత్తగా గమనిస్తూ వచ్చిన వర్గంలో సైతం ఆరేళ్లకు అది 30కి తగ్గింది, ఎందుకంటే వయసు కూడా తన పని తాను చేస్తుంది, వాళ్లలోనూ చాలామంది తర్వాత చికిత్స తీసుకున్నారు.

ఈ అంకెలు విని బెంబేలు పడవద్దు. ఆ అధ్యయనంలో అందరికీ నరాలు కాపాడే పద్ధతి జరగలేదు. అరవై లోపు వయసు, ఆపరేషన్‌కు ముందు మంచి స్తంభన, రెండు వైపులా నరాలు మిగలడం, చేయి తిరిగిన సర్జన్, ఈ నాలుగూ కలిసిన వాళ్లకు ఫలితం దీనికన్నా చాలా మెరుగు. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పి ఉన్నవాళ్లకు, సిగరెట్ మానని వాళ్లకు ఆశ తక్కువ. క్యాన్సర్ నరాల కట్టను తాకి ఉంటే దాన్ని గ్రంథితో పాటు తీసేయవలసిందే, అక్కడ ప్రాణమే ముందు. ఆపరేషన్ జరుగుతుండగానే గ్రంథి అంచును గడ్డకట్టించి సూక్ష్మదర్శినిలో చూసి, క్యాన్సర్ లేదని తేలితే నరాలను ఉంచేసే పద్ధతి మీద బ్రిటన్‌లో జరిగిన పరిశోధన ఫలితాలు 2025లో వెలువడ్డాయి, అవి ఆశాజనకంగా ఉన్నాయి. రోబో గురించి కూడా తప్పకుండా అడుగుతారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మూడు వందలకు పైగా రోగులను చీటీలు వేసినట్టు రెండు వర్గాలు చేసి, ఒకరికి రోబోతో, ఒకరికి మామూలు కోతతో ఆపరేషన్ చేసి, రెండేళ్లు గమనించారు. మూత్రం మీద పట్టులో గానీ స్తంభనలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి రోబో కోసం పొలం అమ్మాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది, ఆ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారో, ఆయన రోగులు ఏడాది తర్వాత ఎలా ఉన్నారో ముందు అడగండి అని.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చదువు పూర్తయిన కొత్తల్లో ఒక ఉపాధ్యాయుడికి నేను ఆపరేషన్ చేశాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆరు నెలలకోసారి వచ్చినప్పుడల్లా పీఎస్‌ఏ సున్నా దగ్గరే ఉందని, అంటే క్యాన్సర్ తిరిగి రాలేదని చూసి, బాగుందండీ అని పంపేసేవాణ్ణి. నాలుగేళ్ల తర్వాత ఒక రోజు ఆయన భార్య ఒంటరిగా వచ్చి, "ఆయన వరండాలో మంచం వేసుకుని నాలుగేళ్లయింది సార్, నేనేం తప్పు చేశానో చెప్పరు" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయనను పిలిపించి పరీక్షిస్తే కండరం పీచుబారిపోయి మాత్రలు పనిచేయని స్థితి కనిపించింది. మొదటి ఏడాదిలో చెప్పి ఉండవలసిన నాలుగు మాటలు చెప్పకపోవడం వల్ల ఆ ఇంట్లో నాలుగేళ్లు అలా గడిచాయి. ప్రాణం దక్కింది కదా, ఈ వయసులో ఇంకా అదెందుకు అన్న మాట నేను పైకి అనకపోయినా, నా మౌనం ఆ మాటే అంది.

ఇక చేయవలసినవి చెబుతాను. మూత్రం ట్యూబు సాధారణంగా వారం పది రోజుల్లో తీస్తారు. ఆ తర్వాత కటి కండరాల వ్యాయామం మొదలుపెట్టాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా బిగపట్టినట్టు వెనక కండరాన్ని పైకి బిగించి, ఐదారు సెకన్లు ఉంచి, అంతసేపే వదలాలి. పొట్ట, తొడలు బిగుసుకోకూడదు, ఊపిరి ఆపకూడదు. పది సార్లు చొప్పున రోజుకు మూడు పూటలు చాలు. దీని మొదటి లాభం మూత్రం మీద పట్టు, స్తంభనకూ కొంత సాయం చేస్తుంది.

నాలుగు నుంచి ఆరు వారాలకు, డాక్టరు సరేనన్నాక, స్తంభనకు సాయపడే మాత్రలు ప్రయత్నించవచ్చు. సిల్డెనాఫిల్ 1998లో వచ్చింది, టడలాఫిల్ ఆ తర్వాత. సిల్డెనాఫిల్‌ను గంట ముందు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకోవాలి. బిర్యానీ తిన్న తర్వాత వేసుకుని పనిచేయలేదంటే అది మాత్ర తప్పు కాదు. టడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు, దాని ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. అయితే ఈ మాత్రలు నరం నుంచి వచ్చే సంకేతాన్ని పెంచుతాయే తప్ప లేని సంకేతాన్ని పుట్టించలేవు. అందుకే మొదటి నెలల్లో తరచు విఫలమవుతాయి. రెండు మాత్రలు వేసి, పనిచేయలేదని డబ్బా పారేసి, ఇక అయిపోయిందనుకున్న వాళ్లు నా దగ్గరికి ఎంతమంది వచ్చారో లెక్కలేదు. రోజూ టడలాఫిల్ వేసుకుంటే నరాలు త్వరగా కోలుకుంటాయా అని యూరప్, కెనడాలలో 423 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. తొమ్మిది నెలలు వాడి ఆపేశాక చూస్తే, మందు లేకుండా వచ్చే స్తంభనలో తేడా లేదు. వాడినంతకాలం సాయపడింది, అంగం కుంచించుకుపోవడం కొంత తగ్గింది. కాబట్టి ఈ మాత్ర నరానికి ఎరువు అని చెప్పి అమ్మేవాళ్లను నమ్మవద్దు, అలాగని పనికిరానిదని వదిలేయనూ వద్దు.

ఈ మాత్రల విషయంలో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఒకటుంది, దయచేసి శ్రద్ధగా వినండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, ఆ జాతికి చెందిన ఇతర నైట్రేట్ మందులు, వీటితో కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి మనిషి పోవచ్చు. నైట్రేట్ వాడేవాళ్లు ఈ మాత్రలు ముట్టుకోకూడదు. ఈ మాత్ర వేసుకున్నాక ఎప్పుడైనా ఛాతీ నొప్పి వస్తే, సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్ పెట్టకూడదు. ఆ సంగతి క్యాజువాల్టీ డాక్టరుకు చెప్పి తీరాలి. కొడుకు పక్కనే ఉన్నా చెప్పాలి. రైల్వే గోడల మీద నరాల బలహీనతకు శాశ్వత పరిష్కారం అని ప్రకటనలు చూస్తుంటారు. లాడ్జీ గదుల్లో క్యాంపులు పెట్టి ఇచ్చే పొడులలో, మూలికలని చెప్పే మాత్రలలో, సిల్డెనాఫిల్ రహస్యంగా కలిపిన సందర్భాలు అనేకం బయటపడ్డాయి. గుండె జబ్బు ఉన్న మనిషి తాను ఏం మింగాడో తనకే తెలియని పరిస్థితి అది.

మాత్ర పనిచేయని నెలల్లో కండరానికి రక్తం అందించే మార్గాలు రెండున్నాయి. ఒకటి వాక్యూమ్ పంపు. ప్లాస్టిక్ గొట్టంలో గాలి తీసేసి రక్తాన్ని లోపలికి లాగుతుంది. సంభోగానికి వాడితే అంగం మొదలు దగ్గర రబ్బరు రింగు వేస్తారు, దాన్ని 30 నిమిషాలలోపు తీసేయాలి. రెండోది ఇంజెక్షన్. పేరు వినగానే మగవాళ్ల ముఖం పాలిపోతుంది. ఇన్సులిన్ సూదిలాంటి సన్నని సూదితో, అంగం పక్క భాగంలో, తామే వేసుకోవడం. నరంతో పని లేకుండా నేరుగా కండరాన్ని వదులు చేస్తుంది కాబట్టి మాత్రలు ఓడిన చోట కూడా ఇది తరచు గెలుస్తుంది. 1983లో లాస్ వేగాస్‌లో జరిగిన వైద్యుల సభలో లండన్ శాస్త్రవేత్త గైల్స్ బ్రిండ్లీ తన శరీరం మీదే దీన్ని నిరూపించి చూపారు. మా రోగుల్లో ఏళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్న ఒకాయన, "పొట్టలో రోజుకు రెండు పొడుచుకుంటున్నా, ఇది వారానికొకటే కదా సార్" అని మొదటి రోజే నేర్చుకున్నారు. మోతాదు మాత్రం ఆసుపత్రిలో డాక్టరు నిర్ణయించాలి, స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలి. ఇవేవీ ఫలించక రెండేళ్లు గడిస్తే లోపల అమర్చే ఇంప్లాంట్ ఉంది, అది మన దేశంలోనూ చేస్తున్నారు, ఉపాధ్యాయుడికి చివరికి అదే చేశాము.

ఎవరూ ముందుగా చెప్పని మరో సంగతి. స్తంభన వేరు, భావప్రాప్తి వేరు. స్పర్శను మోసే నరాలు ప్రోస్టేట్ పక్క నుంచి పోవు, అవి వేరే దారిలో వెళతాయి. అందుకని స్తంభన లేకపోయినా సుఖం కలుగుతుంది, భావప్రాప్తి కూడా సాధ్యమే. వీర్యం మాత్రం ఇక ఎప్పటికీ రాదు, ఎందుకంటే దాన్ని తయారుచేసే గ్రంథి, కోశాలు తీసేశాము. ఇది తెలియనివాళ్లు మొదటిసారి హడలిపోతారు. కొందరికి ఆ క్షణంలో కాస్త మూత్రం రావచ్చు, ముందే మూత్రం పోసి వెళితే చాలావరకు సరిపోతుంది. పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవాళ్లు ఆపరేషన్‌కు ముందే వీర్యం భద్రపరచుకోవాలి.

అమ్మలకు ఒక మాట. భర్త నొచ్చుకోకూడదని "ఈ వయసులో మనకెందుకులెండి" అని మీరు ప్రేమగానే అంటారు. ఆయనకు అది తలుపు మూసినట్టు వినిపిస్తుంది. ఆయన విఫలమవుతానన్న భయంతో దూరంగా జరుగుతాడు, మీరు తనంటే ఇష్టం పోయిందనుకుంటారు. మీ శరీరంలోనూ ముట్లుడిగాక పొడితనం, నొప్పి ఉండవచ్చు, దానికీ చికిత్స ఉంది, గైనకాలజిస్ట్‌కు చూపించుకోండి. ఆ రోజు కాగితం చదివి నేను జవాబు చెప్పాక, రైతు భార్య సంచిలోని ఫిల్ములు సర్దుతూ తల ఎత్తకుండా అన్న మాట ఇది: "అదంతా ఎట్లయినా కానీండి సార్. పక్కన పడుకోవడం మాత్రం మానొద్దని చెప్పండి." ఆయన కిటికీ వైపు నుంచి తల తిప్పి ఆమె వైపు చూశారు.

ఆయనకు ఒక వైపు నరాలే మిగిల్చగలిగాము. మొదటి ఏడాది మాత్ర పనిచేయలేదు, పంపు వాడారు. ఇరవయ్యో నెలలో వచ్చినప్పుడు అల్లుణ్ణి బయట కూర్చోబెట్టి, ఇప్పుడు మాత్రతో సరిపోతోందని తనంతట తానే చెప్పారు. మాత్ర లేకుండా ఇప్పటికీ కష్టమే, అదీ చెప్పారు.

వెనక తలుపు పక్కన బల్ల మీద తెల్ల కాగితాలు, పెన్నులు పెట్టించాను. పేరు రాయనక్కర్లేదు, ఊరు రాయనక్కర్లేదు. మడిచి డబ్బాలో వేయండి. టీ తాగి వచ్చాక ఒక్కొక్కటీ చదివి, నాకు తెలిసినంతవరకు నిజమే చెబుతాను.